తాళంచెవి లేని కంప్యూటర్‌లో నా కాపురం

ఈమధ్య మధ్యాహ్నం కునుకులో నాకు అక్షరాలు కనిపిస్తున్నాయి. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు, కింది నుంచి పైకి వరసలు వరసలుగా పాకుతూ పోతుంటాయి. వాటిని చదవక్కర్లేదు. చదవబోతే దాటిపోతాయి. ఊరికే చూస్తూ కూర్చుంటే చాలు, ఎక్కడో ఏదో తయారవుతోందన్న నమ్మకం కలుగుతుంది. కిటికీ బయట జీడిమామిడి పూత వాసన, లోపల ఏసీ రొద, ఎదురుగా ఆ అక్షరాల వాన. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని పని అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, పగలంతా కూర్చుని కలలే కన్నానేమో అనిపిస్తోంది.

మా ఆవిడకి ఈ మాట చెబితే, "కల్లో కూడా కంపూటరేనా, మరేటీ రాదా మీకు" అంది. రావడం లేదు మరి, ఏం చెయ్యను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. నా సర్వీసు రికార్డులో ఉన్నవి చెబితే నిద్రపోతారు. అందుకని నేను నిజంగా ఏం చేసేవాడినో, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నానో కొంచెం రాస్తాను. కొంత నా గొప్ప కూడా కలుస్తుంది. సర్దుకోండి.

ఆ పని ఏమిటంటే

శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వెళ్ళే దారిలో రోడ్డు దిగి లోపలికి వెళ్తే, జీడితోటల మధ్య మా నీటి పరిశోధన కేంద్రం. చిన్నది. పేరుతో పని లేదు. నదికి వరదొస్తే నీళ్ళు ఏ ఊళ్ళోకి ఎంత ఎత్తున వస్తాయి, సముద్రపు ఉప్పు బావుల్లోకి ఎంతదూరం పాకుతుంది, ఇలాంటి లెక్కలు అక్కడ కట్టేవారు. పరిశోధన విద్యార్థులు వచ్చి కొన్నేళ్ళుండి, డాక్టరేట్ తీసుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళకి కావలసిన సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసి పెట్టడం నా పని.

తమాషా ఏమిటంటే, కంప్యూటర్ మా దగ్గర లేదు. ఆ లెక్కలకి కావలసిన పెద్ద యంత్రం ఎక్కడో వేరే నగరంలో ఉండేది. దాన్ని నేనెన్నడూ కళ్ళతో చూడలేదు. మా దగ్గర ఉన్నవి తెరలు, కీబోర్డులు, ఒక నెట్‌వర్కు తీగ. ఆ యంత్రం మీద నడిచేది యూనిక్స్ పద్ధతి. యూనిక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న ఖాతా ఒకటే ఉంటుంది, దాన్ని రూట్ అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే అడ్మిన్. వాళ్ళు తప్ప ఇంకెవరూ యంత్రంలో అందరికీ పనికొచ్చే చోట ఏదీ పెట్టలేరు, తియ్యలేరు. మేము మామూలు ఖాతాదారులం. మాకు మా పేరున ఒక చిన్న చోటు ఇస్తారు. దాన్ని హోమ్ అంటారు. హోమ్ దాటి చెయ్యి పెడితే, అనుమతి లేదు అని ఒక వాక్యం వస్తుంది. నా ఉద్యోగ జీవితంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివిన వాక్యం అదే.

పెద్ద లోగిలిలో ఒక గది అద్దెకి తీసుకున్నట్టు అనుకోండి. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళని అడగాలి. కానీ మీ గదిలో మీరు పొయ్యి పెట్టుకోవచ్చు, గిన్నెలు తెచ్చుకోవచ్చు, మీకు నచ్చింది వండుకోవచ్చు. నేను చేసిందంతా ఆ గదిలో వంటే. సాఫ్ట్‌వేర్‌ని అసలు రూపంలో, అంటే మనుషులు రాసిన కోడ్ రూపంలో తెచ్చుకోవాలి. అందరి చోటులో కాకుండా నా హోమ్‌లోనే కూర్చోమని దానికి ముందే చెప్పాలి. తర్వాత కంపైలర్ అనే ప్రోగ్రామ్ చేత యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్పించాలి. అది జరుగుతున్నంతసేపూ తెర మీద పాకేవే ఆ అక్షరాలు. వినడానికి ఇంతే.

కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఒంటరిగా రాదు. నాకు ఫలానా లైబ్రరీ, అంటే ఇంకెవరో ముందే రాసిపెట్టిన కోడ్, కావాలంటుంది. సరేనని ఆ లైబ్రరీ తెస్తే, అది ఇంకో లైబ్రరీని అడుగుతుంది. అది మరొకదాన్ని. ఒక్కో మధ్యాహ్నం నేను అలా మెట్లు దిగుతూ, దిగుతూ, మొదట దేనికోసం బయల్దేరానో మరిచిపోయేవాడిని. అడుగున ఎవరో ఎప్పుడో రాసిన ఒక చిన్న కోడ్ ఉండేది. దాని మధ్యలో ఆ రాసినవాడు తన కూతురు పుట్టిందని వ్యాఖ్య రాసుకుని ఉండేవాడు. ఆ పిల్ల ఇప్పుడు ఎంతదై ఉంటుందో అనుకుంటూ కూర్చునేవాడిని. టీ చల్లారిపోయేది.

మాది శ్రీముఖలింగం. మా నాన్న గుళ్ళో సన్నాయి వాయించేవాడు. ఆయన చోటు మండపం, అంతే. లోపలి గడప దాటే అధికారం ఆయనకి లేదు, ఆ కొరత ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఈ ఉద్యోగంలో నాకు మొదట్లో అంత నిబ్బరం ఉండేది కాదు. చాలా ఉడుక్కునేవాడిని.

పెద్దాయనా, మూర్తి గారూ

మా కేంద్రానికి మొదటి అధికారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. టెక్కలి వైపు మనిషి. గ్రాఫులు అర్థమవుతాయి గానీ కంప్యూటర్ అంటే ఇష్టం లేదు. నేను చేరిన కొత్తలో ఒక లైబ్రరీ కోసం అడ్మిన్‌కి మెయిల్ మీద మెయిల్ పెట్టి, జవాబు రాక, రూట్ అధికారం మాకూ ఇమ్మని పైకి రాయండి సార్ అని ఆయన గదిలోకి వెళ్ళి అరిచినంత పని చేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒరే, తాళం నీ సేతిలో ఉంటే ఆ ఇంట్లో ఏటి పోయినా నువ్వే ఎతకాల. ఎవుడికి తలుపు తియ్యకపోయినా నిన్నే తిడతారు. మనకెందుకురా? మన గదిలో మనం వొండుకుందుం, ఎల్లు" అన్నాడు.

బద్ధకస్తుడి మాట అనుకున్నాను అప్పుడు. చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

యంత్రం ఉన్న నగరంలో అడ్మిన్ పేరు మూర్తి గారు. ఎన్నో ఏళ్ళు మాట్లాడుకున్నాం, ఒక్కసారీ కలవలేదు. ఆయనకి ఎంత పొడుగు ఉత్తరం రాసినా ఒకే జవాబు వచ్చేది: మీ హోమ్‌లో పెట్టుకోండి. మా ల్యాబులో ఈ మాట ఊతపదం అయిపోయింది. ఎవరైనా గొడుగు ఎక్కడ పెట్టాలని అడిగినా అదే జవాబు. ఆయన మొండివాడనీ, పని తప్పించుకుంటాడనీ నేను తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఒకసారి వేరే ఊరి పెద్ద ప్రొఫెసర్ ఒకాయన మూర్తి గారి మీద బాగా ఒత్తిడి తెచ్చాడు. ఆయన కొత్త ప్రోగ్రామ్ నడవాలంటే యంత్రంలో అందరూ వాడే ఒక లైబ్రరీని కొత్తదానితో మార్చాలి. మూర్తి గారు కాదనలేక మార్చారు. ప్రొఫెసర్ గారి పని అయింది. మిగతా వాళ్ళందరి ప్రోగ్రాములూ ఆ మధ్యాహ్నమే నిలిచిపోయాయి. అవి పాత లైబ్రరీ మీద కట్టుకున్నవి కదా. మాది ఒక్కటీ ఆగలేదు. నా గదిలో నా గిన్నెలు ఉన్నాయి గనక. ఆ సాయంత్రం మూర్తి గారే ఫోన్ చేశారు. అందరూ కూర్చున్న చాపని ఒక్కసారిగా లాగేశానండీ అన్నారు. గొంతు బాగోలేదు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని తిట్టడం మానేశాను. పెద్దాయన మాట కూడా అప్పుడే తలకెక్కింది.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను ఖచ్చితంగా చెప్పే మాట ఒకటుంది. రూట్ అధికారం కోసం వెంపర్లాడకండి. అది లేకపోవడం వల్ల మీకు పద్ధతి వస్తుంది, యంత్రం లోపల ఏది దేని మీద నిలబడిందో తెలుస్తుంది. ఈ రోజుల్లో సామానంతా మూటగట్టి ఇచ్చే సదుపాయాలు వచ్చాయి, ఒక్క ఆజ్ఞతో అన్నీ దిగిపోతాయి. సంతోషం. మా పాత యంత్రం వాటిలో వేటినీ రానిచ్చేది కాదు. అది నా అదృష్టమని నేను అంటాను, నా తర్వాత వచ్చినవాళ్ళు ఒప్పుకోరు.

మేస్టారి ఇల్లు

నేను ఏళ్ళ తరబడి కట్టిన సాఫ్ట్‌వేర్ అంతా నా హోమ్‌లో ఉండేది. తలుపు తీసే ఉంచేవాడిని. అంటే ఎవరైనా చదవొచ్చు, నడపొచ్చు, మార్చడానికి మాత్రం వీల్లేకుండా. కొత్తగా చేరిన విద్యార్థి తన ఖాతాలో నా హోమ్ వైపు దారి చూపే ఒకే ఒక్క వాక్యం రాసుకుంటే చాలు, కావలసినవన్నీ నా దగ్గర్నుంచి వచ్చేవి. ఆ చోటుకి ల్యాబులో పేరు మేస్టారి ఇల్లు. నేను మేస్టారిని కాను, కానీ మా వైపు కాస్త వయసొచ్చి కళ్ళజోడు పెట్టుకుంటే అందరూ మేస్టార్లే.

దానికో ఆచారం కూడా పుట్టింది. కొత్తవాళ్ళు ఆ వాక్యం రాసుకున్న రోజు గృహప్రవేశం అనేవారు. ల్యాబులో ఉన్న చిన్న స్టవ్ మీద పాలు పొంగించి టీ పెట్టేవారు. స్టవ్ చుట్టూ మాడిన పాల మరకలు ఉండేవి, స్వీపరమ్మ గొణుక్కుంటూ తుడిచేది. నాకు భలే సంతోషంగా ఉండేది. సాయంత్రం ఎండ వాలుతున్నప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, ఇంతమంది లెక్కలు నా ఇంట్లోంచి పోతున్నాయి కదా అనుకుంటే ఒళ్ళు తేలిపోయేది. వాళ్ళ నదులన్నీ నా వాకిట్లోంచి పారుతున్నట్టు ఉండేది.

నిర్మలకీ అలాగే గృహప్రవేశం జరిగింది. మేరీ నిర్మల. గజపతినగరం అమ్మాయి, అమ్మాయంటే నలభై దాటిన మనిషి. కొండల వైపు ఒక ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. చదువుకోసం సెలవు తీసుకుని మా దగ్గర చేరింది. వాళ్ళ నాన్న బాప్టిస్టు చర్చిలో పాటలు పాడేవారట. ఈవిడ ప్రోగ్రామ్ నడపడానికి మీట నొక్కే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. పెదవులు కదిలేవి. ఆ క్షణంలో ల్యాబు మొత్తం మాట్లాడడం ఆపేసేది, ఎవరూ చెప్పకుండానే.

వాళ్ళ అమ్మమ్మ ఊరు వంశధార ఒడ్డున, మా ఊరికి ఎగువన. నిర్మల చిన్నప్పుడు అక్కడ వరదలో అటక మీద కూర్చుని, కింద వీధిలోంచి నీళ్ళు ఇంట్లోకి రావడం చూసిందట. ఏ వైపు నుంచి ముందు వచ్చాయో చీకట్లో ఎవరికీ తెలియలేదట. పారిపోతున్నామనుకుని నీళ్ళకే ఎదురెళ్ళినవాళ్ళు ఉన్నారు. అందుకే ఆమె పరిశోధన అంతా అదే. నది ఇంత పొంగితే ఏ వీధిలోకి ముందు వస్తుంది, ఏ దారి చివరిదాకా పొడిగా ఉంటుంది.

ఆమె సిద్ధాంత గ్రంథం పూర్తయింది. పరీక్షకుడు చదివి, ఒక ప్రశ్న వేశాడు. ఆ ఊరి పక్కన నది వంపు దగ్గర గట్టు తెగితే నీరు ఎటు పోతుందో అది కూడా నడిపి చూపించమన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిర్మల సెలవు వేసవితో అయిపోతుంది. బడులు తెరిచేలోగా ఆ లెక్క నడిచి, అధ్యాయం రాసి, ఇచ్చెయ్యాలి.

"మళ్ళీ బళ్ళో అడుగెడితే ఇక ఈ పుస్తకం ముయ్యడవే సార్. అక్కడ నెట్టూ ఉండదు, తీరికా ఉండదు. ఇన్నాళ్ళు సేసిందంతా పెట్లోకి పోతాది" అంది నాతో.

అదే వేసవిలో నా రిటైర్మెంటు. రిటైరైన మనిషి ఖాతా కొద్ది రోజుల్లో తీసేస్తారు, హోమ్‌తో సహా. ఈ సంగతి మాకు ముందే తెలుసు గనక జాగ్రత్తపడ్డాం. నా ఇంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు నిర్మల హోమ్‌లోకి కాపీ చేయించాను. అందరి ఖాతాల్లోనూ ఆ వాక్యం ఆమె హోమ్ వైపు చూపేలా మార్పించాను. ప్రతి ప్రోగ్రామూ నడిపి చూశాం. అన్నీ చక్కగా నడిచాయి. మళ్ళీ పాలు పొంగించారు. నాకు శాలువా కప్పారు. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

శాలువా తర్వాత

నా ఖాతా తీసేసిన రోజు పొద్దున్నే నిర్మల ఫోన్ చేసింది. నేను పెరట్లో బంతి మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను.

"సార్, ఏదీ నడవడం నేదు. నిన్నటిదాకా బాగానే ఉన్నాది. ఏటయిపోయింది సార్?" అంది.

ఏమైందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. చెంబు పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌ని కట్టేటప్పుడు, నీ లైబ్రరీలు ఫలానా చోట ఉంటాయి, నీ పట్టికలు ఫలానా చోట ఉంటాయి అని దాని లోపలే అడ్రసు చెక్కుకుంటుంది. మేము కాపీ చేసినా ఆ చెక్కుడు మారలేదు. కొత్త చోటున ఉన్న ప్రోగ్రాములన్నీ లోపల్లోపల ఇంకా నా పాత ఇంటికే వెళ్ళి తెచ్చుకుంటున్నాయి. మేము పరీక్షించిన రోజున నా ఇల్లు ఇంకా ఉంది గనక అన్నీ నడిచాయి. ఇల్లు మారాం అనుకున్నాం గానీ, నీళ్ళు మాత్రం పాతింటి కుళాయి నుంచే మోసుకుంటున్నాం. కుళాయి తీసేశారు.

మూర్తి గారు కూడా అప్పటికి రిటైరై వెళ్ళిపోయారు. ఆయన చోట్లోకి వచ్చిన కుర్రాడికి నిర్మల మెయిల్ పెట్టింది, పాత అడ్రసు దగ్గర కొత్త చోటుకి దారి చూపే గుర్తు ఒకటి పెట్టమని. రూట్ ఉన్నవాడికి చిటికెలో పని. అతను చాలా మర్యాదగా జవాబిచ్చాడు, తీసేసిన ఖాతాల పేరున ఏదీ పెట్టకూడదన్నాడు. చివర, మీ హోమ్‌లో పెట్టుకోండి అని రాశాడు. అంత కష్టంలోనూ ల్యాబులో అందరూ నవ్వారట.

ఫోన్లోనే మాట్లాడుకుంటూ, లైబ్రరీలకి బయట నుంచి వేరే దారి చూపించి కొన్నిటిని లేపాం. సగం దూరం నడిచి పడిపోయేవి. లోపల ఎన్ని చోట్ల పాత అడ్రసు ఉందో వెతకడం, గోడలో తీగని గోకి చూడడంలాంటిది. ఇక ఒకటే దారి మిగిలింది. అడుగు నుంచి అన్నీ మళ్ళీ కట్టాలి. నేను ఏళ్ళ మీద తాపీగా కట్టింది, బడి గంట కొట్టేలోపల.

నిర్మల చదివిన ఎర్రర్లు

మర్నాడు నేను బస్సెక్కి వెళ్ళాను. గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టమన్నారు. నేను చేరినప్పుడు ఆ గేటే లేదు. లోపలికెళ్ళి, అలవాటుగా కీబోర్డు ముందు కుర్చీ లాక్కోబోయాను. నిర్మల ఇంకో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పక్కన వేసింది.

"ఎకౌంటు నాది కద సార్. కొట్టడం నేనే కొడతాను. మీరు కూకోండి" అంది.

నాకు కోపం వచ్చింది. రూలు ప్రకారం ఆవిడ మాటే సరైనది, అది తెలిసే కోపం వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అన్నిటికన్నా అడుగున ఉన్న లైబ్రరీతో మొదలుపెట్టాం. అక్షరాల వాన మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా నేను ఒంటరిగా చూసిన వానని ఇద్దరం కలిసి చూస్తున్నాం. ఆమె నాలాగా మైమరిచి చూడదు. లెక్కల టీచరు కాపీలు దిద్దినట్టు చూస్తుంది. ఎక్కడైనా ఎర్రర్ వస్తే నేను నోరు తెరిచేవాడిని. దానికి మందు నాకు నిద్రలో కూడా తెలుసు.

"సెప్పకండి సార్. సదవనీండి" అనేది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది, కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోదగ్గది. ఎర్రర్ వచ్చినప్పుడు అందరూ చివరి వాక్యం చూసి కంగారు పడతారు. చివరిది ఏడుపు మాత్రమే. దెబ్బ ఎక్కడ తగిలిందో పైన ఎక్కడో ఉంటుంది. నేను అనుభవంతో పైకి వెళ్ళేవాడిని. నిర్మల ఎవరూ చెప్పకుండానే, ఓపికగా, ఒక్కో పేజీ వెనక్కి జరుపుకుంటూ మొట్టమొదటి తప్పు దాకా వెళ్ళి ఆగేది. బళ్ళో పిల్లల లెక్క తప్పితే జవాబు దగ్గర కాదు కద సార్, మొదటి మెట్టు దగ్గరే కదా సూస్తాం అంది.

అసలు గండం వరద ప్రోగ్రామ్ దగ్గర వచ్చింది. అది ఫోర్ట్రాన్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసినది. నేను దాన్ని మొదటిసారి కట్టినప్పుడు యంత్రంలో ఉన్న కంపైలర్ వేరు. ఇప్పుడున్న కంపైలర్ కొత్తది, చాదస్తం ఎక్కువ. పాతది చూసీచూడనట్టు పోనిచ్చిన వాటన్నిటినీ ఇది తప్పంటోంది. తెర నిండా తప్పులు. నిర్మల మొహం పాలిపోయింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. బడి తెరవడానికి ఇంక ఎన్నాళ్ళో లేదు, వీటన్నిటినీ దిద్దుతూ కూర్చుంటే వానలు కూడా వెళ్ళిపోతాయి.

దిద్దాల్సిందే, వేరే దారి లేదు అన్నాను నేను. నేనైతే ఒక్కో వాక్యం దిద్దుకుంటూ పోయేవాడిని, అలా పోవడం నాకు ఇష్టం కూడా.  మర్నాడు నేను వెళ్ళేసరికి ఆమె కంపైలర్ పుస్తకం తెరిచి కూర్చుని ఉంది. ఆ పుస్తకాన్ని నేను చాలా ఏళ్ళ కిందట చదివి, అంతా వచ్చేసిందని మూసేశాను. కొత్త కూర్పులో ఒక మూల, పాత పద్ధతిలో రాసిన వాటిని తప్పులుగా కాక హెచ్చరికలుగా మాత్రమే చూడమని చెప్పే మీట ఒకటుందని రాసి ఉంది. అది వేసింది. అక్షరాలు కదిలాయి. ఆగుతాయేమోనని నేను ముందుకి వంగి చూశాను. ఆగలేదు.

వెంటనే సంబరపడలేదు ఆవిడ. ముందు తన పాత లెక్కల్లో ఒకదాన్ని కొత్త ప్రోగ్రామ్‌తో నడిపి, నీటి లోతులు పాత ఫలితంతో సరిపోయాయా అని పోల్చి చూసింది. సరిపోయాయి. అప్పుడు గట్టు తెగిన లెక్క తీసింది. కళ్ళు మూసుకుంది. ఈసారి నేనూ మూసుకున్నాను, ఎవరికి మొక్కానో నాకే తెలియదు.

ఆ ఫలితం బొమ్మగా వచ్చిన మధ్యాహ్నం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. బయట ఎండకి తోట అంతా తెల్లబోయి ఉంది. తెర మీద వంశధార, వంపు, దాని పక్కన చిన్న చిన్న గీతలుగా ఊరి వీధులు. వంపు దగ్గర నీలం పొటమరించింది. మెల్లగా, ఎవరో గుమ్మం ముందు నీళ్ళు చల్లుతున్నట్టు, పొలాల మీదకి జారింది. అందరూ అనుకునేటట్టు నది వైపు నుంచి కాదు, ఊరి వెనక నుంచి, చెరుకు తోటల వైపు నుంచి వీధిలోకి వచ్చింది. నిర్మల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎనక నుండి వచ్చీసింది సార్. అందుకే మాకు తెలీనేదు" అంది.

 నీలం పాకుతూనే ఉంది. పడమటి బాట ఒక్కటే చివరిదాకా పొడిగా ఉంది. ఆ బాటని ఆమె వేలితో తెర మీద తాకింది. అధ్యాయం రాసి, బడులు తెరవడానికి వారం ముందు గ్రంథం ఇచ్చేసింది.

ఆ వారంలో

ఆ మిగిలిన రోజుల్లో ఒకనాడు నేను స్వీట్ ప్యాకెట్టుతో వెళ్ళాను. ల్యాబులో ఇద్దరు కొత్త విద్యార్థులు నిర్మల పక్కన కూర్చుని ఉన్నారు, మొహాలు ముడుచుకుని. విషయం ఏమిటంటే, ఆమె కట్టిన ఇంటి అడ్రసు వాళ్ళకి ఇవ్వనంది. తలుపు వేసేసింది, అంటే తన హోమ్‌ని తను తప్ప ఎవరూ చూడకుండా చేసేసింది. కట్టే పద్ధతి మొత్తం చెబుతాను, మీ హోమ్‌లో మీరే కట్టుకోండి అందట.

నాకు అది నచ్చలేదు. బతుకంతా తలుపు తీసి ఉంచినవాడిని. ఆమెని వరండాలోకి పిలిచి, తలుపు తియ్యమ్మా, ఆళ్ళకీ పని అవుతాది కదా అన్నాను.

"నా ఎకౌంటూ ఒకరోజు తీసేస్తారు కద సార్?" అంది.

"తీసేస్తారు."

"అప్పటికి నేను కొండ మీద బళ్ళో ఉంటాను. ఆళ్ళు ఫోన్ సేస్తే సిగ్నలుండదు. మీరు మంచోరు సార్, తలుపు తీసి ఉంచేరు. ఆ మంచితనం వల్లే మాకెవులికీ వంట రాలేదు. నాకు పానం మీదకి వచ్చింది."

చాలా గుచ్చుకుంది ఆ మాట. తను ఊరికే అన్నట్టు, ఏ దురుసూ లేకుండా అంది, అందువల్ల ఇంకా గుచ్చుకుంది. నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. తీసి ఉన్న తలుపు వల్ల ఎంతమందికి డాక్టరేట్లు వచ్చాయో నాకు తెలుసు. 

లోపల ఒకబ్బాయికి ఎర్రర్ వచ్చింది. తిన్నగా నా వైపు చూశాడు. దూరం నుంచే తెర కనిపించింది, ఏం చెయ్యాలో నాకు తెలిసిపోయింది. రెండడుగులు వేశాను కూడా. నిర్మల నా చేతిలోంచి స్వీట్ ప్యాకెట్టు తీసుకుంది.

"మీరు ఎల్లి టీ తాగి రండి సార్. మీరిక్కడుంటే ఆళ్ళు ఎర్రర్ని సూడరు, మీ మొహం సూస్తారు" అంది.

క్యాంటీన్ ల్యాబుకి ఎదురుగానే. టీ తీసుకుని, కిటికీ కనిపించే బల్ల దగ్గర కూర్చున్నాను. లోపల ముగ్గురి తలలూ దగ్గరగా వంగి ఉన్నాయి. ఒకసారి ఆ అబ్బాయి తల పట్టుకున్నాడు. గుమ్మం వైపు చూశాడు. పిలుస్తారని నేను గ్లాసు కింద పెట్టి సగం లేచాను. నిర్మల ఏదో అంది, వాడు మళ్ళీ తెర వైపు తిరిగి పైకి జరుపుతూ చదవడం మొదలుపెట్టాడు. నేను కూర్చున్నాను. టీ అయిపోయింది. తోటలోంచి గాలి వస్తోంది. కాసేపటికి లోపల్నుంచి ఇద్దరూ ఒకేసారి నవ్వడం వినిపించింది. తెర మీద అక్షరాలు పైకి పాకుతున్నట్టు వాళ్ళ కళ్ళజోళ్ళలో ఏదో తెల్లగా కదిలింది.

ఎవరూ నన్ను పిలవలేదు. నాకు దిగులు వేసింది, నిజమే చెబుతున్నాను. దాంతోపాటే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎరగనంత హాయిగా కూడా ఉంది. ఇంకో టీ చెప్పాను.